రెక్కకూ డొక్కకూ చుట్టరికం

"రెక్కాడితే గాని డొక్కాడదు" అనే మాట మీరంతా వినే ఉంటారు. కష్టపడి పని చేస్తేనే కడుపు నిండుతుందని దాని అర్థం. రెక్క అంటే చెయ్యి, డొక్క అంటే కడుపు. కాని డొక్క అనే మాటకు పక్కటెముకలున్న చోటు అనే అర్థం కూడా ఉంది. మన పెద్దవాళ్లు ఈ మాట అన్నప్పుడు శరీరశాస్త్రం గురించి ఆలోచించి ఉండరు. అయినా సరే, వాళ్లన్నది అక్షరాలా నిజం. ఎంచేతనంటే, మన రెక్కను మన డొక్కకు కట్టి ఉంచే కండరం ఒకటి నిజంగానే ఉన్నది. అది ఆడకపోతే చెయ్యి పైకి లేవదు. ఈ నెల దాని సంగతి చెప్పుకుందాం.

ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. దీనికి ఇద్దరు కావాలి. అన్నదమ్ములైతే మరీ మంచిది. ఒకరి వీపు మీద ఒకరు గీతలు గీసినా ఎవరూ కోప్పడరు. ఒకణ్ణి చొక్కా విప్పి, చేతులు కిందికి వదిలి నిలబడమనండి. రెండోవాడు వెనక నిలబడి, వీపు పైభాగాన వెన్నెముకకు రెండు పక్కలా తడిమి చూడాలి. కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి, రెండు ముక్కోణపు పలకలు చేతికి తగులుతాయి. సన్నగా ఉన్నవాడికైతే కంటికే కనబడతాయి. వాటినే భుజఫలకాలంటారు. మా వైపు ముసలివాళ్లు మూపు పలకలంటారు. ముక్కోణపు మొన కిందివైపున ఉంటుంది. ఆ మొన ఉన్న చోట సుద్దముక్కతో ఒక చుక్క పెట్టండి.

ఇప్పుడు వాణ్ణి చెయ్యి పక్కకు చాపి, నెమ్మదిగా పైకెత్తమనండి. మీ వేలు పలక మొన మీదనే ఉంచండి. మొదట కొంతసేపు మొన కదలదు. చెయ్యి ఒక్కటే లేస్తుంది. ఆ తరువాత మొన కూడా బయలుదేరుతుంది. చెయ్యి చెవి పక్కకు వచ్చేసరికి మీ వేలు ఎక్కడికి పోయిందో చూడండి. చుక్క పెట్టిన చోటు నుంచి బయటికి జరిగి, దాదాపు చంక కిందికి చేరి ఉంటుంది! పలక పలకంతా తిరిగిపోయిందన్న మాట. చెయ్యి ఎత్తటమంటే చేతి పని ఒక్కటే అనుకున్నాం. కాని వీపు వెనక, మనకు కనబడని చోట, మరొకటి దానితోపాటు పని చేస్తున్నది.

ఎంత పని? లెక్కల్లో చెప్పుకుందాం. కిందికి వేళ్లాడే చెయ్యి నిటారుగా పైకి లేస్తే 180 డిగ్రీలు తిరిగినట్టు. అందులో సుమారు 120 డిగ్రీలు భుజం కీలులో జరుగుతుంది. తక్కిన 60 డిగ్రీలు పలక తిరగటం వల్ల వస్తుంది. అంటే రెండు పాళ్లు చెయ్యి, ఒక పాలు పలక. 1944లో ఇన్మన్, సాండర్స్, ఆబట్ అనే అమెరికా వైద్యులు దీన్ని కొలిచి ఈ లెక్క చెప్పారు. మనిషి మనిషికీ కొంచెం తేడా ఉంటుందనీ, ఎత్తుతున్నంతసేపూ పాళ్లు ఒకే తీరున ఉండవనీ తరువాతివాళ్లు చూశారు. అయినా మొత్తం మీద లెక్క అదే.

నమ్మకం లేకపోతే ఇంకొకటి చెయ్యండి. మీ తమ్ముడి పలకను రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుని, వాణ్ణి చెయ్యి ఎత్తమనండి. భుజం ఎత్తుకు వచ్చేదాకా బాగానే వస్తుంది. ఆపైన వాడు ఒళ్లంతా పక్కకు వంచుతాడు, పళ్లు బిగిస్తాడు, చివరకు మిమ్మల్ని తిడతాడు. అక్కడితో పరీక్ష ఆపెయ్యండి.

ఇక ఆ ఎముక ఎట్లా ఉంటుందో చూద్దాం. భుజఫలకం నిజంగా పలకే. మధ్య భాగం ఎంత పలచన అంటే, ఎండిన ఎముకను దీపానికి అడ్డం పెడితే వెలుతురు ఇవతలికి కనబడుతుంది. రెండో పక్కటెముక నుంచి ఏడో పక్కటెముక దాకా వీపు మీద పరుచుకుని ఉంటుంది. దాని వెనక పక్కన పొలం గట్టులాగా ఒక గట్టు పొడుచుకుని ఉంటుంది. ఆ గట్టు వెంట వేలు పోనిస్తే భుజం పైన ఒక గట్టి అంచు దగ్గర ఆగుతుంది. దర్జీ చొక్కాకు భుజం కొలత తీసేటప్పుడు టేపు పెట్టేది అక్కడే.

ఆ అంచు కిందనే, పలక బయటి మూలన ఒక చిన్న గుంట ఉన్నది. చెయ్యి ఎముక తల గుండ్రంగా నిమ్మకాయలాగా ఉండి ఆ గుంటలో ఆనుకుంటుంది. ఇక్కడే చిత్రమంతా ఉన్నది. తుంటి దగ్గర చూస్తే తొడ ఎముక తల లోతైన గిన్నెలో కూచున్నట్టు దిట్టంగా కూచుంటుంది. భుజం దగ్గర అట్లా కాదు. గుంట చాలా తక్కువ లోతు; చిన్న మూకుట్లో పెద్ద నిమ్మకాయ పెట్టినట్టు ఉంటుంది. అందుకే చెయ్యి అన్నివైపులకూ తిరుగుతుంది, అందుకే భుజం సులువుగా తొలుగుతుంది కూడా. ఒకటి కావాలంటే రెండోది తప్పదు.

మరి నిమ్మకాయ జారిపోకుండా మూకుడు ఏం చేస్తుంది? గారడీవాణ్ణి చూశారు గదా! కర్ర చివర కుండ పెట్టి, అరచేతిలో ఆ కర్రను నిలబెడతాడు. కర్ర ఏ పక్కకు వాలితే వాడి చెయ్యి ఆ పక్కకు పరుగెత్తుతుంది. భుజఫలకం కూడా అట్లాగే చేస్తుంది. చెయ్యి ఎటు పోతే అటు తిరిగి, మూకుడు ఎప్పుడూ నిమ్మకాయ కిందనే ఉండేటట్టు చూస్తుంది.

ఇంకో వింత. ఈ పలకకు మన మొండెంతో ఎముక సంబంధం ఒక్కచోటే ఉన్నది. గొంతు కింద, గుంట పడిన చోట నుంచి భుజం దాకా అడ్డంగా ఒక సన్నని ఎముక వస్తుంది గదా, దాన్ని జత్రుక అంటారు. కిందపడి చెయ్యి ఊనినప్పుడు పిల్లలకు తరచు విరిగేది అదే. అది పలకను భుజం చివర పట్టుకుంటుంది. దాని రెండో కొస రొమ్ము ఎముక మీద ఉంటుంది. అంతే! పక్కటెముకలతో పలకకు కీలు లేదు, వెన్నెముకతో లేదు. కండరాల మధ్య, మడుగులో తేలే తామరాకులాగా ఉంటుంది. తామరాకుకు తాడు ఒకటే, మన పలకకు మాత్రం 17 కండరాలు అంటి ఉన్నాయి. అన్నిటి పేర్లూ చెప్పి మిమ్మల్ని బాధపెట్టను. అందులో పలకను కదిలించే పెద్దవాటిని మాత్రం పరిచయం చేస్తాను.

మొదటిది ట్రపీజియస్. పేరు వినగానే లెక్కల పుస్తకంలో ట్రపీజియం జ్ఞాపకం వచ్చిందా? రెండింటికీ పేరు ఒక చోట నుంచే వచ్చింది. రెండు పక్కల కండరాలూ కలిపి చూస్తే నాలుగు భుజాల బొమ్మ అవుతుంది. అది తల వెనక అడుగున మొదలై, మెడ మీదుగా, వీపు మధ్యలో చాలా కిందిదాకా వెన్నెముకను పట్టుకుని ఉంటుంది. అక్కడ నుంచి పలక గట్టుకూ, జత్రుక చివరకూ వచ్చి చేరుతుంది. ఇంత పొడుగు కండరం కనక దాని పైభాగం ఒక పని, నడిమి భాగం ఒక పని, కింది భాగం మరొక పని చేస్తుంది. "ఏమో, నాకు తెలీదు" అని మీరు భుజాలు ఎగరేస్తారే, అది పైభాగం పని. ఈ కండరానికి ఆజ్ఞ తెచ్చే నరం మెదడు నుంచి వచ్చే పన్నెండు జతల నరాలలో పదకొండోది.

రెండోది రాంబాయిడ్. ఇదీ లెక్కల మాష్టారి ఆస్తే. రాంబస్ ఆకారంలో ఉంటుంది కనక ఆ పేరు. వెన్నెముక నుంచి పలక లోపలి అంచుకు ఏటవాలుగా వస్తుంది. డ్రిల్లులో "అటెన్షన్" అనగానే రొమ్ము విరుచుకుని నిలబడతారు చూడండి, అప్పుడు రెండు పలకలనూ వెన్నెముక దగ్గరికి లాగేది ఇదీ, ట్రపీజియస్ నడిమి భాగమూను.

మెడ పక్క నుంచి దిగి పలక లోపలి పైమూలను పట్టుకునే సన్నని కండరం ఇంకొకటి ఉన్నది. దాని పేరుకు అర్థం "పలకను ఎత్తేది" అని. పొద్దున్నే లేచి "మెడ పట్టేసింది" అని అమ్మ చేత నూనె రాయించుకుంటారే, చాలాసార్లు ఆ నొప్పి చోటు ఇదే.

ఇక మన రెక్క-డొక్క చుట్టం. దాని పేరు సెరేటస్. రంపపు పళ్లలాంటిది అని ఆ మాటకు అర్థం. పై ఎనిమిది, తొమ్మిది పక్కటెముకల నుంచి, ఒక్కొక్క ఎముకకు ఒక్కొక్క వేలు చొప్పున బయలుదేరుతుంది. ఆ వేళ్లన్నీ డొక్క చుట్టూ వెనక్కు పోయి, పలక కిందికి దూరి, పలక లోపలి అంచును పట్టుకుంటాయి. అందులో ఎక్కువ భాగం పట్టుకునేది మీరు చుక్క పెట్టిన ఆ కింది మొననే. ఇది బిగిస్తే పలక ముందుకు జరుగుతుంది. గోడను తోసినప్పుడు, తలుపు నెట్టినప్పుడు, బండి వెనక చేరి తోసినప్పుడు పని చేసేది ఇదే. కసరత్తు చేసినవాడు చెయ్యి ఎత్తితే చంక కింద డొక్క మీద రంపపు పళ్లలాగా మెట్లు మెట్లుగా కనబడేవి ఈ కండరపు వేళ్లే.

ఇప్పుడు అసలు కిటుకు చూడండి. పలక తిరగాలి గాని ఎక్కడికీ ఎగిరిపోకూడదు. బస్సు డ్రైవరు స్టీరింగు తిప్పేటప్పుడు ఒక చెయ్యి పైకి తోస్తుంది, ఒక చెయ్యి కిందికి లాగుతుంది. చక్రం ఉన్నచోటనే ఉండి తిరుగుతుంది. అట్లాగే ట్రపీజియస్ పైభాగం పలక బయటి కొసను పైకి లాగుతుంది. దాని కింది భాగం గట్టు లోపలి కొసను కిందికి లాగుతుంది. సెరేటస్ కింది మొనను బయటికి లాగుతుంది. ముగ్గురూ ఒకేసారి లాగేసరికి పలక తిరుగుతుంది. మూకుడు పైకి చూస్తుంది, నిమ్మకాయ దాని మీద కూచుంటుంది, చెయ్యి ఆకాశం వైపు నిలబడుతుంది. ముగ్గురిలో ఒకడు పని మానేశాడా, బండి అక్కడ ఆగిపోతుంది.

ఈ విద్య బాగా తెలిసినవాళ్లు మన ప్రాంతంలోనే ఉన్నారు. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు పేరు మీ తాతలను అడగండి. వీరఘట్టం పూర్వం శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఆయన పెరిగినదీ, కసరత్తు నేర్చినదీ, కొంతకాలం వ్యాయామం నేర్పినదీ మన విజయనగరంలోనే. తరువాత సర్కసు కంపెనీ పెట్టి దేశదేశాలు తిరిగాడు. చెరొక చేతికి కట్టిన గొలుసులను రెండు కార్లు లాగుతూ ఉంటే కదలకుండా నిలబడేవాడని చెబుతారు. చేతి బలం అని జనం చప్పట్లు కొట్టి ఉంటారు. కాని రెండు చేతులనూ బయటికి లాగేస్తుంటే పలకలు వెన్నెముకకు దూరంగా జరిగిపోకుండా పట్టి ఉంచవలసింది రాంబాయిడూ, ట్రపీజియసూ! చప్పట్లు వాటికి కూడా చెందవలసి ఉన్నది. శ్రీకాకుళంలో క్రీడామైదానానికి ఆయన పేరే పెట్టారు.

అట్లాగే ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి. 2000వ సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారత మహిళ ఆమే. ఒక పద్ధతిలో 110 కిలోలు, రెండో పద్ధతిలో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తింది. 130 కిలోలంటే 25 కిలోల బియ్యం సంచులు ఐదు తలపైన ఎత్తిపట్టుకుని, ఇంకా ఐదు కిలోలు అడిగినట్టు! అంత బరువు పైన ఉన్నప్పుడు చేతుల బలం చాలదు. రెండు పలకలూ పూర్తిగా తిరిగి, మూకుళ్లు పైకి చూస్తూ, బరువు కింద రెండు అరచేతులు పెట్టినట్టు నిలబడాలి.

మా రామతీర్థం నెల్లిమర్ల మండలంలో ఉన్నది. ఆ మండలంలోనే కొండవెలగాడ అని ఒక ఊరు ఉంది. ఆ ఊళ్లో బరువులెత్తటం మన ఊళ్లలో చెడుగుడు ఆడినంత మామూలు సంగతి. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడల్లో 53 కిలోల తరగతిలో పతకం గెలిచింది. మొదట కాంస్యం ఇచ్చారు. మొదటి స్థానం వచ్చిన అమ్మాయి మందుల పరీక్షలో దొరికిపోవటంతో అది రజతం అయింది. ఈ ఊళ్లు ఇంత దగ్గరలో ఉండబట్టి నాకు భుజాల సంగతి మొదటి నుంచీ బాగా తెలుసునని మీరనుకోవచ్చు. తెలియదు. ఎట్లా తెలిసిందో చెబుతాను. చెప్పటానికి నాకు సిగ్గుగానే ఉన్నది.

ఇరవై ఏళ్ల కిందటి మాట. అప్పటికి నేనింకా హెడ్మాష్టర్ని కాలేదు. మరో ఊళ్లో తొమ్మిదో తరగతికి సైన్సు చెప్పేవాణ్ణి. ఆ తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. ప్రశ్న వేసీ వెయ్యకముందే వాడి చెయ్యి పైకి లేచేది. కొన్నిసార్లు జవాబు తప్పే చెప్పేవాడు. అయినా చెయ్యి మాత్రం అందరికన్న ముందు లేచేది. సంక్రాంతి సెలవులు అయి వచ్చాక వాడు చెయ్యి ఎత్తటం మానేశాడు. ఒకటి, రెండు వారాలు చూశాను. సెలవుల్లో చెడు సావాసాలు పట్టి బద్ధకం వచ్చిందనుకున్నాను. ఒకరోజు, "జవాబు తెలిసినవాళ్లు చేతులెత్తండి," అన్నాను. వాడు చెయ్యి భుజం దాకా ఎత్తి ఆపాడు. వెనక బెంచీవాళ్లు నవ్వారు. నన్ను వెక్కిరిస్తున్నాడనిపించింది నాకు.

"సరిగా ఎత్తు!" అన్నాను.

"లెగట్లేదండి మాష్టారూ," అన్నాడు వాడు.

నేను నమ్మలేదు. రెండు చేతులూ పైకెత్తి గంట కొట్టేదాకా గోడ దగ్గర నిలబడమన్నాను. వాడు ఎడమ చెయ్యి నిటారుగా, కుడి చెయ్యి వంకరగా పెట్టుకుని, ఒళ్లు పక్కకు వాల్చి నిలబడ్డాడు. పాఠం పూర్తి చేసుకుని నేను పోయాను.

మర్నాడు డ్రిల్లు మాష్టారు నన్ను పిలిచారు. ఆయన వాడి చొక్కా విప్పించి, "గోడ మీద రెండు చేతులూ ఆనించి తొయ్యరా," అన్నారు. వాడు తోశాడు. ఎడమ పలక కదలలేదు. కుడి పలక మాత్రం వీపు మీద నుంచి లేచి, కోడిపిల్ల రెక్క విప్పినట్టు వెనక్కు పొడుచుకుని వచ్చింది. దాని కిందికి నా నాలుగు వేళ్లూ దూరాయి.

అప్పుడు అడిగాం ఏం జరిగిందని. సెలవుల్లో వాడు ధాన్యం బస్తాలు మోశాడు. అక్కకు పెళ్లి కుదిరింది. ఇంట్లో డబ్బు కావాలి. రోజంతా కుడి భుజం మీదనే మోశాడు. ఒక రాత్రి భుజమూ, మెడా విపరీతంగా నొప్పి పెట్టాయి. నాలుగైదు రోజులకు నొప్పి పోయింది. నొప్పి పోయింది గదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఆ తరువాత నుంచి చెయ్యి లేవదు.

వాణ్ణి విశాఖపట్నం తీసుకుపోయాం. డ్రిల్లు మాష్టారూ, వాళ్లమ్మా, నేనూ. బస్సులో ఆమె, "మా గుంటడి చెయ్యి పోయిందా బాబూ?" అని నన్ను రెండుసార్లు అడిగింది. నేను ఏం చెప్పను?

డాక్టరు కూడా వాణ్ణి గోడనే తొయ్యమన్నాడు. తరువాత ఒక కాగితం మీద బొమ్మ గీసి మాకు చెప్పాడు. సెరేటస్ కండరానికి ఆజ్ఞ తెచ్చే నరం మెడలో పుడుతుంది. అక్కడ నుంచి జత్రుక వెనకగా దిగి, డొక్క పక్కన కండరం పై మీదుగా చాలా కిందిదాకా పోతుంది. పొడుగైన నరం, దాచుకునే చోటు లేని నరం. భుజం మీద పెద్ద బరువు రోజుల తరబడి నొక్కితే దెబ్బ తినవచ్చు. నరం మూగపోతే కండరం పడుకుంటుంది. కండరం పడుకుంటే పలకను డొక్కకు అదిమి ఉంచేవాడు లేడు. పలక మొనను తిప్పేవాడూ లేడు. కనక చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోతుంది.

"తిరిగి వస్తుందా?" అన్నాను.

"చాలామందికి వస్తుంది. కాని తొందరపడకూడదు. ఏడాది, రెండేళ్లు కూడా పట్టవచ్చు," అన్నాడు ఆయన. దెబ్బ తిన్న నరపు పోగు తిరిగి పెరగవలసి వస్తే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుందట. నేను వెంటనే లెక్క వేశాను. పోవలసిన దారి 20 సెంటీమీటర్లు అనుకుంటే 200 రోజులు! బరువు మొయ్యటం పూర్తిగా మానెయ్యమన్నాడు. భుజం బిగుసుకుపోకుండా రోజూ వెల్లకిలా పడుకుని, ఎడమ చేతితో కుడి చేతిని ఆనుకుని పైకి తెచ్చే కసరత్తు నేర్పించాడు. పడుకుంటే పలకను వీపు కింద మంచమే అదిమి పట్టుకుంటుంది గదా, అందుచేత చెయ్యి సులువుగా వస్తుంది.

తిరిగి వచ్చాక నేను తరగతిలో అందరి ఎదుటా వాడితో, "తప్పు నాదిరా," అన్నాను. వాడు ఏమీ అనలేదు. వాడికి అది ఇంకా ఇబ్బందిగా ఉన్నట్టు కనబడింది. ఆ రోజు నుంచి తెలిసినవాళ్లు ఏ చెయ్యి ఎత్తినా సరేనన్నాను. వాడు మర్నాటి నుంచి ఎడమ చెయ్యి ఎత్తటం మొదలుపెట్టాడు.

తల్లిదండ్రులకు ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. సన్నని పిల్లలకు పలకలు కొంచెం బయటికి కనబడటం మామూలే. రెండు పక్కలా ఒకే తీరుగా ఉండి, చేతులు రెండూ చక్కగా చెవుల దాకా లేస్తే బెంగపడవలసిన పని లేదు. ఒక పక్క మాత్రమే లేచి ఉన్నా, ఒక చెయ్యి లేవకపోయినా వైద్యుడికి చూపించండి. నొప్పి లేదు గదా అని ఊరుకోవద్దు. ఇక బడి సంచీ. పిల్లవాడి బరువులో పదో వంతుకు సంచీ మించకూడదని 2020లో కేంద్ర ప్రభుత్వం విధానం ప్రకటించింది. అంటే 30 కిలోల పిల్లవాడికి 3 కిలోలు. ఒకసారి మీ పిల్లవాడి సంచీని కొట్టువాడి కాటా మీద పెట్టి చూడండి. నేను మా మనవడి సంచీని పెట్టి చూశాను, కొట్టువాడే ఆశ్చర్యపోయాడు. రెండు పట్టీలూ రెండు భుజాలకు వేసుకోవాలి. పెద్దపిల్లలు ఒక భుజానికే వేసుకోవటం షోకు అనుకుంటారు. బడి సంచీ మోసిన వాళ్లందరికీ నరం దెబ్బ తింటుందని నేను భయపెట్టను, అది అరుదు. కాని అక్కరలేని బరువు ఎందుకు మొయ్యాలి?

కొండవెలగాడ పిల్లలు అంతంత బరువులు ఎత్తుతున్నారు గదా, వాళ్లకేమీ కాదా అని మీరడగవచ్చు. వాళ్లు మొదట ఉత్త కర్రతో నేర్చుకుంటారు. పలకలు ఎట్లా తిరగాలో కర్రతో వచ్చాకనే ఇనుము. దగ్గర గురువు ఉంటాడు. ఎత్తినది ఒక క్షణం పట్టుకుని దించేస్తారు. రోజంతా ఒకే భుజం మీద బస్తా తరువాత బస్తా మొయ్యటం వేరు సంగతి.

మన కుర్రవాడి సంగతి చెప్పనేలేదు. అప్పటికి ఏడాది దాటింది. వాడు పదో తరగతికి వచ్చాడు. ఒకరోజు నేను బల్ల మీద బొమ్మ గీస్తూ, సెరేటస్ పని చెప్పి, "ఇది లేకపోతే చెయ్యి లేవదు," అన్నాను. వెనక నుంచి, "మాష్టారూ!" అని వినబడింది. తిరిగి చూస్తే వాడి కుడి చెయ్యి పైన ఉన్నది. పూర్తిగా చెవికి ఆనలేదు, ఒక బెత్తెడు తక్కువగా ఉన్నది. క్లాసంతా దాని వంకే చూస్తున్నది. వాడికి మాత్రం ఆ ధ్యాసే లేదు. వాడి ధ్యాసంతా ప్రశ్న మీద ఉన్నది.

"మాష్టారూ, ఎద్దు చెయ్యి పైకెత్తదు గదండీ. మరి దానికి ఈ కండరం ఎందుకుంటాదండీ? లేదాండీ?"

నాకు జవాబు తెలియలేదు. రేపు చెబుతానన్నాను. ఆ సాయంత్రం పశువుల ఆసుపత్రికి పోయి డాక్టరు గారిని అడిగాను.

ఎద్దుకు ఆ కండరం ఉన్నది; మనకన్న చాలా పెద్దది కూడా. ఎద్దుకు లేనిది జత్రుక! ఎద్దుకూ, గుర్రానికీ, మేకకూ ఆ ఎముక లేదు. కనక ఎద్దు ముందుకాళ్లకూ మొండానికీ ఒక్క ఎముక కీలు కూడా లేదు. అంతా కండరాల కట్టే. మన్యంలో రోగిని డోలీలో మోసుకువస్తారు గదా, కర్రకు గుడ్డ కట్టి, గుడ్డలో మనిషిని పడుకోబెట్టి. అట్లా ఎద్దు రెండు ముందుకాళ్ల పలకల నడుమ సెరేటస్ కండరం గుడ్డలాగా కట్టి ఉంటుంది. ఆ గుడ్డలో దాని రొమ్ము, డొక్క వేళ్లాడుతూ ఉంటాయి. మనకు చెయ్యి ఎత్తే కండరం, ఎద్దుకు ఒళ్లు మోసే కండరం. అది గంతు వేసి దిగినప్పుడు అదురు తగలకుండా కాచేది కూడా ఆ డోలీయే.

మన కొండ మీద కోతికి మాత్రం మనలాగే జత్రుక ఉన్నది. అందుకే అది ఒంటి చేత్తో కొమ్మ పట్టుకుని వేళ్లాడి, రెండో చేత్తో మెట్లెక్కే భక్తుల కొబ్బరిచిప్పలు లాక్కోగలదు. పిల్లికి ఉన్నదీ లేనట్టే. చిన్న ముక్క కండరాల్లో తేలుతూ ఉంటుంది. పిల్లి ఎలుక కోసం పొంచి నడిచేటప్పుడు వెనక నుంచి చూడండి. దాని పలకలు రెండూ వీపు పైకి ఒకటి తరువాత ఒకటి లేచి దిగుతుంటాయి.

ఇక ఎద్దు మూపురం. అటెన్షన్‌లో మన పలకలను దగ్గరికి లాగే రాంబాయిడ్ అని చెప్పానే, మన దేశపు ఎద్దుకు మెడ వెనక అది బాగా పెరిగి, కొంత కొవ్వుతో కలిసి మూపురమవుతుంది. కాడి ఆనేది దాని ముందే. మర్నాడు ఇదంతా తరగతిలో చెప్పాను. మన కుర్రవాడు విని, "అయితే నానూ ఎద్దూ ఒకే కండరంతో మోశామన్నమాట," అన్నాడు.

ట్రాక్టర్లు వచ్చాక మా ఊళ్లో ఎడ్ల జతలు తగ్గిపోయాయి. అయినా మీ ఊళ్లో ఒక జత ఉంటే, ఈసారి కనుమనాడు వాటిని కడిగి అలంకరించేటప్పుడు మూపురం మీద చెయ్యి వేసి ఉంచి, ఎద్దును నాలుగడుగులు నడిపించమనండి. అరచేతి కింద కండరం బిగిసి వదలటం మీకే తెలుస్తుంది. ముందు ఆ ఎద్దు సంగతి పాలేరును అడగండి. పొడిచే ఎద్దయితే దూరం నుంచే చూడండి.